దస్తీ వేసిన సీటు

మా రామన్నపేట బస్టాండులో హైదరాబాద్ బస్సు ఇంకా ఆగకముందే సీట్లన్నీ అయిపోతాయి. మనుషులు ఎక్కి కాదు. కిటికీల్లోంచి లోపలికి పడ్డ చేతిరుమాళ్లతో, అదే మా దస్తీలతో, తువ్వాళ్లతో, ఒక్కోసారి టిఫిన్ డబ్బాలతో. దస్తీ పడిందంటే ఆ సీటు ఆ దస్తీ గలవాళ్లదే. ఆడవాళ్లకు పైసలు లేని జీరో టికెట్టు వచ్చాక బస్సులో కాలు పెట్టే సందు లేకుండా పోయింది గానీ, దస్తీ మాటను మాత్రం ఇప్పటికీ ఎవరూ కాదనరు.

నా కొలువు కూడా సీట్లు ఆపడమే. హైదరాబాదులో ఒక కంపెనీలో ప్రోగ్రామర్‌ని. సినిమా టికెట్లు కొనేవాళ్లు ఫోనులో సీటు మీద వేలు పెట్టగానే, డబ్బు కట్టేదాకా అది ఇంకొకరికి పోకుండా పట్టి ఉంచే కోడ్ మా టీమ్‌ది. కాసేపు ఆగి వదిలేస్తుంది. వదలకపోతే, ఫోన్ పక్కన పడేసి నిద్రపోయినవాడి సీటు సినిమా అయ్యేదాకా ఖాళీగానే ఉండిపోతుంది. ఈ సంగతి ఇంట్లో చెబితే మా అమ్మ, "గంత సదివి దస్తీలేసే పని చేస్తున్నవా?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత ఆలోచిస్తే నిజమే కదా అనిపించింది.

పొద్దున నా దస్తీ వేసేది నేను కాదు, ఊరంతా చాచీ అని పిలిచే పెద్దామె. బస్టాండు పక్కనే గాజుల దుకాణం ఆమెది. నేను ఎప్పుడూ ఉరుకుతూ వచ్చేదాన్నే కాబట్టి, ఆఫీసుకు పోయే రోజుల్లో ఆమే తన ఆకుపచ్చ దస్తీ కిటికీలోంచి విసిరి సీటు ఆపేది. సోమవారాలు మాత్రం తనూ నాతో వచ్చేది, చార్మినార్ దగ్గరి గాజుల బజారులో సరుకు కోసం. కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టేది. "పండు బిడ్డా, నీ మొఖంల నిద్రే ఉన్నది," అనేది.

నాకు ఆ సగం నిద్ర అంటే ప్రాణం. చిట్యాల దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఒకప్పుడు పత్తి చేన్లు. ఇప్పుడు వెంచర్లు, ప్రహరీ గోడలు, గాలికి కొట్టుకునే రంగు జెండాలు. కళ్లు సగం మూస్తే మాత్రం ఆ చేన్లు మళ్లీ వచ్చేవి. నేను రాసిన కోడ్ వరసలు వాటి సాళ్లలో కలిసిపోయేవి. గొర్ల మంద ఒకటి ఆ సాళ్ల మీదుగా, నా తప్పొప్పులన్నీ తొక్కుకుంటూ, తీరుబడిగా దాటిపోయేది. ఎల్బీ నగర్‌లో మెలకువ వచ్చి మెట్రో మెట్లెక్కుతుంటే నిజంగా ఎవరో నిద్ర లేపి నగరంలో పడేసినట్టుండేది.

ఒక సోమవారం తుంపర పడుతోంది. నేను ఆయాసపడుతూ బస్సెక్కేసరికి చాచీ ఒక కాలేజీ పిల్లతో లడాయి పెట్టుకుంది.

"నా దస్తీ ఏడ పడేసినవ్? చెప్పు!"

"ఈడ దస్తీ లేదు అత్తా, ఒట్టు," ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

నాకు ముక్కు మీదే కోపం. ముందూ వెనకా చూడకుండా నేనూ అందుకున్నాను. "దస్తీ తీసేసి కూసుంటరా ఎవరన్న? సిగ్గుండాలె!" బస్సంతా మా వైపే చూస్తోంది. "అయ్యో, బస్సు పోనియ్యున్రి తల్లీ," అని కండక్టరు మొత్తుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కన ఆగి ఉన్న నల్లగొండ బస్సు కదిలింది. దాని కిటికీలో, కిక్కిరిసి నిలబడ్డ జనం మధ్య, ఒక సీటు ఖాళీగా పోతోంది. సీటు మీద చాచీ ఆకుపచ్చ దస్తీ.

"చాచీ, అగో! నీ దస్తీ నల్లగొండ పోతాంది!"

బస్సు బస్సంతా గొల్లుమంది. కాలేజీ పిల్ల కూడా నవ్వేసింది. నేను నవ్వుతూ చాచీ మొహం చూశాను. ఆమె నేను చూపించిన వైపు చూడటం లేదు. బస్టాండు గోడ వైపు చూస్తోంది.

"ఏది? ఏడ బిడ్డా?"

నేను ఆమె జబ్బ పట్టుకున్నాను.

దారిలో రాడ్డు పట్టుకుని నిలబడి మెల్లగా చెప్పింది. "కుడి కన్నుల ఎప్పుడో పొగ కమ్మింది. ఇప్పుడు ఎడమది గూడ మసక. మన బస్సే అనుకొని ఇసిరిన." అప్పుడు వెలిగింది నాకు. కొన్నాళ్లుగా గాజులు నా ముందు పెట్టి, "గిది ఏం రంగు బిడ్డా, నీకు నచ్చిందా?" అని అడుగుతుంటే, నా ఎంపికకు ఎంత విలువిస్తోందో అని మురిసిపోయాను. మొద్దు మొహాన్ని!

"దవాఖానకు పోదాం పా," అన్నాను.

"వద్దు. మా ఆపా, నా సొంత అక్క, గిట్లనే ఆపరేషన్‌కు పోయింది. ఉన్న జర వెలుతురు గూడ పోయింది. నాకు గీ మసకన్న ఉన్నది. ఇది గూడ పోతే, రంగు తెల్వని దాని దగ్గర గాజులెవరు కొంటరు?"

మర్నాడు నల్లగొండ బస్సు కండక్టరు ఆ దస్తీ మడతపెట్టి తెచ్చిచ్చాడు. "నల్లగొండ దాంక ఒక్కలు గూడ కూసోలే చాచీ. అందరు నిలబడే వచ్చిన్రు." ఆ వారమే ఆఫీసులో మా కోడ్ ఒక సీటును పట్టుకుని వదలకుండా మొండికేసింది. దాన్ని సరిచేస్తున్నంతసేపూ నాకు నల్లగొండ దాకా ఖాళీగా పోయిన సీటే కళ్ల ముందు కదిలింది. సరిచేశాను గానీ, ఆ సీటును వదిలించడానికి మనసు ఒప్పలేదు.

అప్పటి నుంచి సోమవారాలు నాకు నిద్ర లేదు. "బయట ఏమొచ్చింది బిడ్డా?" అని చాచీ అడిగేది, నేను చెప్పేదాన్ని. "పత్తి చేన్లు. తెల్లగ పలిగినయ్." "గొర్ల మంద రోడ్డు దాటుతాంది, డ్రైవర్ తిడుతుండు." ఉన్నవి వెంచర్ల గోడలు. కానీ గోడ, గోడ, మళ్లీ గోడ అని ఎట్లా చెప్పను? నా సగం నిద్రలో కనబడేవన్నీ ఆమెకు చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని వినేది. మొహం అంతా వెలుగే.

దవాఖాన మాటెత్తితే మాత్రం మొహం తిప్పేసుకునేది. నేను బతిమాలాను, అలిగాను, గట్టిగా అరిచాను కూడా. ఏమీ పని చేయలేదు. చివరికి ఒకరోజు పెళ్లివారు వచ్చి గాజుల డబ్బా వాపసు పెట్టారు. పచ్చ గాజులడిగితే నీలం ఇచ్చిందట. వాళ్లు ఏమీ అనలేదు, మర్యాదగానే మార్చుకుని పోయారు. చాచీ మాత్రం దుకాణంలో అట్లాగే కూర్చుండిపోయింది. సాయంత్రం నేను బస్సు దిగేసరికి అడిగింది, "నువ్వు ఎంబడి ఉంటవా?"

లీవు అడిగితే మా మేనేజర్, ఆ రోజు కొత్త వెర్షన్ విడుదల ఉందన్నాడు. "ఒక్కరోజు సీట్లు ఇంకెవరన్నా ఆపుతారు సార్," అని ఫోన్ పెట్టేశాను. ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకే తెలియదు.

సర్కారు కంటి దవాఖానలో ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పుతుంటే చాచీ నా చెయ్యి నలిపేస్తోంది. నాకు ఆమె ఆపా తప్ప ఏమీ గుర్తు రావడం లేదు. నేనే కదా పట్టుబట్టింది, ఏమైనా అయితే? డాక్టరమ్మ దూది తీసింది. చాచీ రెప్పలు టపటపలాడించింది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గిదేం రంగు కుర్తా బిడ్డా! గింత అధ్వాన్నంగ ఉన్నది!"

నేను భోరున ఏడ్చాను. నర్సు నన్ను కసిరింది.

ఇంటికి వచ్చేటప్పుడు కిటికీ సీటు ఆమెకిచ్చాను. నల్లద్దాలు పెట్టుకుని బయటికే చూస్తోంది. చౌటుప్పల్ దాటింది. గోడలు మొదలయ్యాయి.

"చేన్లేవి?" అన్నది.

నేను చేతిలోని టికెట్టు మడతపెడుతూ కూర్చున్నాను.

"గొర్ల మంద?"

"లేవు చాచీ. ఊకె చెప్పిన."

ఆమె మళ్లీ ఏమీ అడగలేదు. రామన్నపేట దాకా ఆమె మొహం కిటికీ వైపే ఉంది. కన్ను వచ్చింది, మనిషి నాకు దూరమైందా అని దారి పొడుగునా కుమిలిపోయాను.

సరుకుకు పోవడానికి డాక్టరమ్మ ఒప్పుకున్న తర్వాత వచ్చిన మొదటి సోమవారం, ఎప్పటిలాగే ఆలస్యంగా ఉరికాను. కిటికీ సీటు మీద ఆకుపచ్చ దస్తీ ఉంది, సరైన బస్సులోనే. దాని పక్కన చాచీ. దస్తీ తీసి, నన్ను లోపలికి జరగమంది. తను కళ్లు మూసుకుంది.

"చెప్పు."

"ఇప్పుడు నీకే కనబడ్తది గద చాచీ?"

"కనబడేదెట్లనో కనబడ్తది. నువ్వు చెప్పు."

చిట్యాల దాటింది. "గోడ," అన్నాను. "గోడ ఎనక పత్తి చేను. గోడ మీద..." ఆగిపోయాను. "గోడ మీద పాలపిట్ట."

చాచీ ఒక కన్ను కొద్దిగా తెరిచి నా భుజం మీదుగా బయటికి చూసింది. పిట్ట రెక్కలు విప్పి లేచిపోయింది.

"ఉన్నది," అన్నది. "నీలం ఉన్నది బిడ్డా." మళ్లీ కళ్లు మూసుకుని నా భుజానికి తల ఆనించింది. "చేను కాడికొచ్చినవ్. అటెంక?"