ఆపితే ఆగే పంపు

మా మరిదికి కావలసింది ఒక చిన్న పంపు, విమానంలో ఇంధనం నింపడానికి. విమానమంటే మనుషులెక్కేది కాదు. రెక్కలు చాపితే మా మంచం అడ్డానికి సరిపోయేది. దాన్ని బొమ్మ అంటే అతనికి ఎక్కడలేని కోపం వచ్చేది. "బొమ్మ కాదు వదినా, మోడల్" అనేవాడు. నిజమే, దానికి ఇంజనుంది, పొగుంది, చెవులు చిల్లులు పడే మోతుంది. పెరట్లో దాన్ని స్టార్టు చేస్తే మా అత్తగారు పూజ దగ్గర్నుంచే "ఒరేయ్, సహస్రనామాల్లో ఎక్కడున్నానో మర్చిపోయాను, మళ్లీ మొదట్నుంచి చదవాలి, నీ పుణ్యమే" అని కేకేసేవారు.

తొంభైల చివర్లో మేం మాదాపూర్‌లో అద్దెకుండేవాళ్లం. గుంటూరు వైపు నుంచి వచ్చిన మాకు ఆ ఊళ్లో ముందుగా అలవాటైంది ఈల. ముందు ఈల వినిపించేది. తర్వాత ఎర్రగుడ్డ ఊపుకుంటూ ఒక మనిషి రోడ్డుకి అడ్డంగా నిలబడేవాడు. ఆ తర్వాత కాళ్ల కింద నేల దడేల్మని అదిరేది. ఆఫీసుల కోసం కొండల్ని పేల్చేవాళ్లు. మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన ఆ ఊరివాడే, ఆ రాళ్ల మధ్య మేకల్ని మేపి పెరిగినవాడు. ఈల వినిపిస్తే చాలు గేటు దగ్గరికొచ్చి, "బిడ్డను లోపటికి తోల్కపో అమ్మా, పేలుస్తున్నరు, పైలం" అనేవాడు. పేలుడయ్యాక సన్నటి రాతిపొడి వచ్చి ఆరేసిన బట్టల మీద, మంచినీళ్ల డ్రమ్ము మూత మీద, అన్నిటి మీదా పడేది. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వేలితో పేరు రాయొచ్చు. నాకు ఆ దుమ్మంటే మొదట్నుంచీ ఒళ్లు మంట.

దుమ్ము కన్నా నాకెక్కువ భయం మరిది తెచ్చిన డబ్బాలోది. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఆ ఇంధనంలో ముప్పాతిక వంతు మిథనాల్, మిగతాది ఆముదం. ఆముదం మాట విని అత్తగారు మురిసిపోయారు. ఇంజను పొగ పీల్చి "పాతకాలం దీపం వాసనొస్తోందే" అన్నారు. నేను మురవలేకపోయాను. మిథనాల్ మంట ఎండలో కనపడదు. రంగుండదు, పొగ కూడా దాదాపు ఉండదు. మండుతుంటే పక్కన నిలబడి కబుర్లు చెప్పుకోవచ్చు.

మాకు నాలుగేళ్ల పాప ఉంది. హారతంటే దానికి పిచ్చి. ఇంట్లో గంట మోగితే చాలు, ఏ మూలనున్నా పరుగెత్తుకొచ్చి అందరికన్నా ముందు రెండు చేతులూ మంట మీద పెట్టి కళ్లకద్దుకునేది. నాయనమ్మ నేర్పిన విద్య అది. నిప్పంటే భయం లేని పిల్ల, కనపడని నిప్పున్న డబ్బా, రెండూ ఒకే ఇంట్లో. ఆ రోజుల్లో నా భయమంతా ఇదే. వేరే దేని గురించీ ఇంతగా దిగులు పడలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అందర్నీ డాబా మీదికి పిలిచి చూపించాను. స్టీలు మూతలో నాలుగు చుక్కలు వేసి అగ్గిపుల్ల గీసి పెట్టాను. ఏమీ కనపడలేదు. "ఆరిపోయింది" అన్నాడు మరిది. ఎండుటాకు ఒకటి తీసి మూత మీద పట్టుకున్నాను. అది ఉన్నట్టుండి ముడుచుకుపోయి నల్లబడింది. మరిది చటుక్కున వెనక్కి జరిగాడు. అత్తగారు మాత్రం నవ్వారు. "కనపడని దేవుణ్ణి నమ్మమంటే నువ్వు సవాలక్ష ప్రశ్నలడుగుతావు. కనపడని నిప్పుని నేను నమ్మాలా అమ్మాయ్?" అన్నారు. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంటావంటా లేరు.

విమానం ఎగరేయడం మానెయ్యమని మరిదికి చెప్పలేకపోయాను. వారమంతా డ్రాయింగ్ బల్ల మీద వంగి ఎవరి భవనాలకో గీతలు గీసేవాడు. ఆదివారం నానక్‌రామ్‌గూడ బయళ్లలో ఆ విమానం పైకి లేస్తే అతని మొహం చూడాలి. అందుకని రెండు షరతులు పెట్టాను. డబ్బా వరండా దాటి లోపలికి రాకూడదు, పంపు నేను చూసి సరేనన్నాకే వాడాలి.

మొదట అతను బీపీ చూసే మిషను రబ్బరు బంతిని గొట్టానికి తగిలించాడు. నొక్కితే ఇంధనం ఎక్కేది, బాగానే ఉందనుకున్నాం. మిథనాల్‌కి రబ్బరు ఉబ్బి లోపల పొరలు ఊడాయి. నల్లటి నలక ఒకటి ఇంజనులోకి ఇంధనాన్ని కొలిచి వదిలే సూది దగ్గర ఇరుక్కుంది. విమానం గాల్లో ఉండగానే మోత ఆగిపోయింది. అది మాటామంతీ లేకుండా వచ్చి బండరాళ్ల మీద పడింది. కాస్త అవతల మేకల దగ్గర ఒక ముసలామె కూర్చుని ఉంది. మరిది ఆ సాయంత్రం అన్నం తినలేదు.

తర్వాత కారు అద్దం మీదికి నీళ్లు చిమ్మే మోటారు పట్టుకొచ్చాడు. బ్యాటరీ తగిలిస్తే చిటికెలో ట్యాంకు నిండుతుందన్నాడు. "దాని లోపల నిప్పురవ్వలు వస్తాయి. సీలు కారితే నేరుగా వాటి మీదే కారుతుంది. అది నా గుమ్మంలోకి రావడానికి వీల్లేదు" అన్నాను. "వదినా, అందరూ అదే వాడుతున్నారు" అన్నాడు. "అందరి ఇళ్లల్లో పాప లేదుగా" అన్నాను.

చివరికి అతని స్నేహితుడెవరో విదేశం నుంచి తెప్పించుకున్న చేతిపంపు ఇచ్చాడు. అరచేతిలో పట్టే లోహపు పెట్టె, లోపల రెండు పళ్లచక్రాలు, పక్కన తిప్పే పిడి. బ్యాటరీ లేదు, రబ్బరు లేదు. నేను దాన్ని వెంటనే నమ్మలేదు. నింపడం ఏ పంపైనా చేస్తుంది. మనం చెయ్యి తీశాక తనంతట తాను ఆగుతుందా లేదా అన్నదే నాకు కావాలి. డబ్బా ఎత్తులో ఉండి గొట్టం కిందికి వేలాడితే, సరిగ్గా ఆపలేని పంపులోంచి ఇంధనం దానంతటదే జారి కారుతూనే ఉంటుంది. అందుకే డబ్బాని పిట్టగోడ మీద పెట్టి, పిడి తిప్పించి ఆపించి, గొట్టం కింద పాత న్యూస్‌పేపరు పరిచాను. బట్టలన్నీ ఉతికి ఆరేసి వచ్చి చూస్తే పేపరు మీద ఒక్క మరక లేదు. "ఇదే. ఆపితే ఆగుతోంది" అన్నాను. మరిది పంపుని ముద్దుపెట్టుకున్నాడు.

ఆ ఎండాకాలమంతా పంపు నమ్మకంగా పనిచేసింది. కానీ మాదాపూర్ దుమ్ము దేన్ని వదిలింది గనక? కొండ పేలినప్పుడల్లా ఆ రాతిపొడి డబ్బా మూతి మీద పడేది, ఇంధనంతో పాటు పళ్లచక్రాల మధ్యకి పోయేది. వానలు వెనకబట్టాక మరిది ఒకరోజు, "వదినా, ఈమధ్య ఆపాక కూడా చుక్కలు పడుతున్నాయి" అన్నాడు. గొట్టాన్ని మడిచి గట్టిగా బట్టల క్లిప్పు పెట్టమన్నాను. కొత్త పంపు దొరికేదాకా క్లిప్పు తియ్యొద్దనీ, పనైపోగానే డబ్బా ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం వేరే క్యాన్‌లో పోసి ఇంటాయన మేకల కొట్టంలో తాళం వేసి పెట్టమనీ చెప్పాను. అన్నీ చేశాడు. అతను అశ్రద్ధ మనిషి కాదు.

దసరా వచ్చింది. మా ఆయనకి పండగ పూట కూడా ఆఫీసే. సంవత్సరం మారితే కంప్యూటర్లన్నీ ఏమైపోతాయోనని అప్పట్లో వాళ్లందరికీ సెలవుల్లేవు. ఇంటిముందు ఆయుధపూజ. స్కూటరు, కుట్టుమిషను, వాటి పక్కన విమానం. పండగ కాబట్టి ఆ రోజు ఈలలు లేవు, పేలుళ్లు లేవు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు. పొద్దున్నుంచీ ఏదో ఆగి ఎదురుచూస్తున్నట్టే ఉంది.

నేను లోపల గారెలు వేస్తున్నాను. బయట జరిగింది నాకు తర్వాత మరిది చెప్పాడు. అతను పంపుతో పాటు ఖాళీ డబ్బా తెచ్చి స్టూలు మీద పెట్టాడట. అత్తగారు డబ్బా ఊపి చూసి, "ఖాళీది పెడతావేంట్రా? పూజలో ఖాళీ పాత్ర పెడతారా ఎక్కడైనా? నింపి పట్రా" అన్నారట. "వదిన చంపుతుందమ్మా" అన్నాడట. "నేను చెప్పుకుంటాలే. ముందా క్లిప్పు తీసెయ్. విడిచిన బట్టలకీ పక్కబట్టలకీ పెట్టింది తెచ్చి అమ్మవారి ముందు పెడతావా, మడీ ఆచారం లేకుండా" అన్నారట. ఆవిడ మాటలో తప్పేముంది? మా ఇంట్లో బియ్యం డబ్బా కూడా ఎప్పుడూ అడుగంటనిచ్చేవాళ్లం కాదు. మడి విషయంలో ఆవిడకి ఎదురుచెప్పడం అతనికి పుట్టినప్పట్నుంచీ అలవాటు లేదు. నింపాడు, క్లిప్పు తీశాడు, పంపు ఆడుతోందో లేదోనని పిడి రెండు చుట్లు తిప్పాడు. గొట్టం మొదట్లో బంతిపూలు చుట్టి, కొస కిందికి వదిలేశారు. డబ్బాకి అత్తగారు కొత్త జాకెట్టు ముక్క కట్టి బొట్లు పెట్టారు.

నేను గారెల పళ్లెంతో బయటికొచ్చేసరికి డబ్బా పెళ్లికూతురిలా ఉంది. నిండుగా ఉందని పైకేమీ తెలియలేదు. స్టూలు ముందు నేలమీద పీట, పీట నిండా పసుపునీళ్లు చిలకరించిన తడి. ఆ తడిలోకి గొట్టం కొసనుంచి ఇంకో తడి వచ్చి కలుస్తోందని ఎవరికి తెలుస్తుంది? గేటు దగ్గర ఇంటాయన నవ్వుతున్నాడు. "ఏందమ్మా, గీ విమానానికి గూడ పూజనా? ఇగ మీరు గాల్లనే పోతరు" అన్నాడు. ఎండ నడినెత్తి మీదుంది. అత్తగారు గంట వాయించి స్కూటరుకి, కుట్టుమిషనుకి, విమానానికి, పంపుకి వరసగా కర్పూరహారతిచ్చి పళ్లెం పీట మీద పెట్టారు. మరిది కొబ్బరికాయ కొట్టాడు.

"అయ్యో, హారతి కొండెక్కిందే" అన్నారు అత్తగారు పళ్లెం చూసి. దీపం ఆరిందని ఆవిడ నోట ఏనాడూ రాలేదు. "పర్లేదు, పళ్లెం వెచ్చగానే ఉంటుంది. రా తల్లీ, కళ్లకద్దుకో."

పాప అప్పటికే పరుగెత్తుతోంది, రెండు చేతులూ ముందుకు చాపి.

పీట అంచున వరసగా పేర్చిన బంతిపూల మీద నా కళ్లు పడ్డాయి. మొదటి పువ్వు నల్లబడింది. దాని పక్కది ముడుచుకుంది. ఆ పక్కది కూడా. మంట లేదు, పొగ లేదు. వెనకనున్న స్కూటరు చక్రం మాత్రం నీళ్లలోంచి చూస్తున్నట్టు వణుకుతోంది. నేను దూరంగా ఉన్నాను. చేతిలో పళ్లెం ఎప్పుడు జారిపోయిందో తెలియదు. "నిప్పు! అత్తయ్యా, నిప్పు!" అని అరిచాను. అంతకన్నా ఏం చెప్పడానికీ వ్యవధి లేదు.

అత్తగారు ఒక్కసారి నా మొహం చూశారు. పీట వైపు చూడనే లేదు. వంగి, పాప చేతులకీ పళ్లేనికీ మధ్య తన రెండు చేతులూ పెట్టి పాపని వెనక్కి తోశారు. ఆవిడ అరచేతులు అక్కడ, ఏమీ లేనిచోట, కాలాయి. నేను నా జీవితంలో విన్న అరుపులన్నిట్లోకీ ఆ అరుపు వేరు.

తర్వాత అందరం ఒకేసారి కదిలాం. మరిది డబ్బాని ఎత్తుకుని, గొట్టం పైకి పట్టుకుని, వీధి చివరి ఖాళీ స్థలంలోకి పరుగెత్తాడు. ఇంటాయన పాపని చంకనేసుకుని "ఏడ మండుతుందమ్మా, ఏడ?" అని చుట్టూ చూస్తున్నాడు. నేను డ్రమ్ములోంచి బకెట్లు ముంచి పీట మీద, నేల మీద, అత్తగారి చేతుల మీద, కనపడని ప్రతిచోటా పోశాను. ఆరిందో లేదో తెలిసే దారి లేదు. డ్రమ్ము అడుగంటేదాకా పోస్తూనే ఉన్నాను.

ఆస్పత్రిలో ఆవిడ రెండు చేతులకీ కట్లు కట్టారు. మరిది గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. నేను అన్నం కలిపి నోట్లో పెడుతూ ఉండబట్టలేక అడిగాను. "మీకు మంట కనపడిందా అత్తయ్యా?"

"లేదు" అన్నారు.

"మరి?"

"నువ్వు చూశావుగా" అన్నారు, ఇంకో ముద్దకి నోరు తెరుస్తూ. నేను వంగి కంచం చూసుకుంటూ ఏడ్చాను.

చేతులు మానాయి. అరచేతుల్లో గీతలు మాత్రం తిరిగి రాలేదు, చర్మం సాఫీగా మెరిసేది. మరుసటి దసరాకి ఆవిడే మరిదిని పిలిచి, "ఆ పంపు తీసుకురా. ఈసారి ఖాళీదే పెడదాం, అమ్మవారు ఏమీ అనుకోదు" అన్నారు. అతను తేలేదు. తన విమానాన్ని ఎవరికో ఇచ్చేశాడు. అతను దాన్ని ఎగరేసిన ఆ బయళ్లలో ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి.

పాప పెద్దదైంది, ఉద్యోగం చేస్తోంది. ఆ రోజు సంగతి తనకి గుర్తులేదంటుంది, నిజమే కావచ్చు. కానీ పూజలో హారతి పళ్లెం తన ముందుకొచ్చినప్పుడు పళ్లెం వైపు చూడదు. ముందు నా మొహం చూస్తుంది. నేను తల ఊపేదాకా చెయ్యి చాపదు.