పెట్టెకో కొసరు

మా లేసు కొంటామన్న కంపెనీవాళ్ళు పంపిన రూల్సు నలభై పేజీలు. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పెట్టె మీద స్టిక్కరు అంచు నుంచి ఎంత లోపలికి ఉండాలి, టేపు ఎన్ని వరసలు వెయ్యాలి, స్టేపుల్ పిన్ను ఎక్కడా ఉండకూడదు, లోపలి కవరు ప్లాస్టిక్‌ది కాకూడదు, దళసరి కాగితానిదే అవ్వాలి. పెళ్ళిసంబంధానికి వచ్చినవాళ్ళు కూడా ఇన్ని షరతులు పెట్టరని మావాళ్ళతో అన్నాను. రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. కవరు మీద రాసిన లెక్కకీ లోపలున్న లెక్కకీ తేడా వస్తే సరుకు మొత్తం వెనక్కి పంపేస్తారట. తక్కువున్నా అంతే, ఎక్కువున్నా అంతే. మొదటి సరుకే అలా వెనక్కొస్తే మనకిచ్చిన సప్లయరు నంబరు రద్దు, ఇక మన దగ్గర కొనరు.

మాది నరసాపురం దగ్గర ఊరు. ఇక్కడి ఆడవాళ్ళు లేసు అల్లుతారు. ఎన్నో ఏళ్ళుగా ఏజెంటు దారం ఇచ్చి, అల్లినవి పట్టుకెళ్ళేవాడు. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, ఒక పాత లాప్‌టాప్‌తో, మన సరుకు పెద్ద షాపులకి మనమే పంపుకుందామని పద్దెనిమిది మందిని ఆయన దగ్గర మానిపించింది నేనే. ఏజెంటు నన్నేమీ అనలేదు. వాళ్ళకి మాత్రం, వెళ్ళినవాళ్ళు మళ్ళీ నా గుమ్మం ఎక్కక్కర్లేదని కబురు పెట్టాడు. కాబట్టి ఈ సరుకు వెనక్కొస్తే ఆ పద్దెనిమిది మందికీ పనుండదు. నా మాట నమ్మినందుకు.

ఆర్డరు గ్లాసుల కింద వేసుకునే గుండ్రటి లేసు ముక్కలకి. కవరుకి ఆరు, పెట్టెకి ఇరవై కవర్లు, మొత్తం ఇరవై నాలుగు పెట్టెలు. శనివారం పొద్దున్న పది దాటేసరికి అన్నీ మా వరండాలో గోడవార పేర్చి ఉన్నాయి. లారీ డ్రైవరు ఫోన్ చేశాడు. "రావులపాలెంలో ఉన్నానండి, పన్నెండుకల్లా వచ్చేస్తాను. అరగంట మించి ఆగలేనండి, ఇంకో చోట కూడా లోడుంది." సోమవారం హైదరాబాద్ గోడౌన్లో మాకిచ్చిన టైముకి సరుకు దిగాలి. ఆ టైము తప్పినా తప్పే. నేను కాగితం పట్టుకుని పెట్టెల నంబర్లు సరిచూస్తున్నాను.

అప్పుడు వినపడింది, అమ్మ మాట. పక్కింటి టీచరుగారితో అంటోంది. ఆవిడ రిటైరయ్యాక లేసు పట్టుకున్నారు, ఆ పొద్దున్న లేసు అల్లే మిగతావాళ్ళతో పాటు స్టిక్కర్లు అంటించడానికి సాయం వచ్చారు.

"పెట్టెకొకటి కొసరు వేశాన్లెండి. మొదటి బేరం కదా."

పెట్టెల నంబర్లు వదిలేసి అమ్మ దగ్గరికి వెళ్ళాను.

మా వైపు కొబ్బరికాయలు వంద కొంటే పైన నాలుగైదు పడాల్సిందే. చేపలమ్మే మనిషి కూడా తూచిన తర్వాత తట్టలోంచి ఇంకోటి తీసి పడేస్తుంది. కొసరు వెయ్యని మనిషి దగ్గరికి రెండోసారి ఎవరూ వెళ్ళరు. అమ్మ ఆ లెక్కలోనే పెరిగింది. కాటరాక్టు ఆపరేషనయిన కళ్ళతో, నాకు చెప్పకుండా, రెండు నెలలు మధ్యాహ్నం పూట కూర్చుని ఇరవై నాలుగు ముక్కలు అదనంగా అల్లింది. కవర్లు నింపే పని తనదే కనుక, పెట్టెకొక కవరులో ఆరు బదులు ఏడు పెట్టింది.

"ఏ కవర్లలో పెట్టావు?" అన్నాను.

"గుర్తెట్టుకుంటానేంటే? చేతికందిన దాంట్లో పెట్టాను."

"నీకెవరు పెట్టమన్నారు?"

"తక్కువేస్తే తప్పుగానీ, ఎక్కువేస్తే తప్పేంటే?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అది ముక్కు దాటి నోట్లోకి వచ్చేసింది. అందరి ముందూ అరిచాను. ఇంతమంది నోటి దగ్గర కూడు నీ గొప్ప కోసం పారేస్తావా అన్నాను. ఇంకోసారి నీ చెయ్యి ఈ సరుకు మీద పడకూడదన్నాను. అమ్మ కుర్చీలో కొంచెం వెనక్కి జరిగి కూర్చుంది. టీచరుగారు నేల చూశారు.

పెట్టెలు విప్పి మళ్ళీ టేపు వెయ్యడం పెద్ద పని కాదు. చిక్కంతా కవర్ల దగ్గరే. ఒక్కో కవరు మూత మీద బార్‌కోడ్ స్టిక్కరు అంటించి మూశాం. విప్పితే అది చిరుగుతుంది. చిరిగిన స్టిక్కరు చెల్లదు. మళ్ళీ అచ్చేయించాలంటే భీమవరం ప్రెస్సువాళ్ళకి మూడు రోజులు కావాలి. ఖాళీ కవర్లు బోలెడున్నాయి, స్టిక్కర్లు మాత్రం మా దగ్గర మిగిలినవి ముప్పై. తప్పు కవర్లు ఇరవై నాలుగు. అంటే మేము ఆరుసార్లు పొరపడొచ్చు. ఏడోసారి పొరపడితే అయిపోయినట్టే.

మొదటి పెట్టె విప్పి, లావుగా ఉందనిపించిన కవరు నేనే చించాను. ఆరు. ఇంకోటి చించాను. ఆరే. మూడోదీ ఆరే. మూల కిరాణా కొట్టు కాటా తెప్పించి తూచి చూశాం. ఒకరి అల్లిక బిగువు, ఒకరిది వదులు, ఆరున్న కవర్లలోనే ఒకదానికీ ఇంకోదానికీ ఒక ముక్కంత తేడా చూపిస్తోంది. పదకొండయింది.

"అమ్మగారి చేతికిచ్చి చూడండి," అన్నారు టీచరుగారు. నా ముఖం చూడకుండా అన్నారు.

పిలవడానికి నాకు నోరు రాలేదు. టీచరుగారే పెట్టె తీసుకెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర పెట్టారు. అమ్మ నా వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని, ఒక్కో కవరూ తీసి అంచు దగ్గర రెండు వేళ్ళతో నొక్కి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. మధ్యలో నొక్కదు, అంచునే నొక్కుతుంది, ముక్కలు ఒక్కోటీ వేలికి తెలిసేది అక్కడే. తొమ్మిదో కవరు దగ్గర ఆగింది. "ఇది," అంది.

టీచరుగారు చించి లెక్కపెట్టారు. ఏడు.

రెండో పెట్టెలో అమ్మ తీసిన కవరులోనూ ఏడు. మూడో పెట్టెలోనూ అంతే. నేను కొత్త స్టిక్కరు అంటిస్తున్నాను, మిగతావాళ్ళు పెట్టెలు విప్పేవాళ్ళు విప్పుతున్నారు, టేపు వేసేవాళ్ళు వేస్తున్నారు. స్టిక్కర్లు ఎగిరిపోతాయని ఫ్యాను కూడా ఆపేశాం. అందరి చీరలూ జాకెట్లూ తడిసి ముద్దయ్యాయి.

పదో పెట్టె దగ్గర నేను బుద్ధి తక్కువ పని చేశాను. అమ్మ ఒక కవరు ఇచ్చింది. పక్కనే ఇంకోటి అంతకంటే ఉబ్బుగా కనపడింది. ఇదే అని నేను అదే చించాను. ఆరు. అమ్మ ఇచ్చినదాంట్లోనే ఏడు. సిగ్గు లేకుండా పదమూడో పెట్టెలోనూ అదే పని చేశాను. అప్పటికి ఐదు స్టిక్కర్లు పాడయ్యాయి, ఐదూ నావే. పద్దెనిమిదో పెట్టెలో అమ్మ ఒకసారి పొరపడింది. "ఇది వదులు చేతి అల్లిక, మోసం చేసింది," అని తనలో తను అనుకుని, ఇంకో కవరు ఇచ్చింది. అది సరైనదే.

ఇరవై నాలుగో పెట్టె విప్పేసరికి బయట లారీ హారన్ కొట్టి చాలాసేపయింది. డ్రైవరు గేటు దగ్గర నిలబడి టైము చూసుకుంటున్నాడు. "ఇంకో ఐదు నిమిషాలేనండి, వెళ్ళిపోతానండి," అన్నాడు. నా చేతిలో ఒక్క స్టిక్కరు ఉంది.

అమ్మ ఇరవై కవర్లూ చూసింది. రెండు పక్కకి తీసింది. ఒకటి నొక్కుతుంది, రెండోది నొక్కుతుంది, మళ్ళీ మొదటిది. త్వరగా చెప్పమ్మా అనబోయి పళ్ళు కరుచుకున్నాను. ఆ పొద్దుటి నుంచీ నేను నోరు అదుపులో పెట్టుకున్నది అప్పుడొక్కసారే. అమ్మ ఆ రెండూ మిగతా వాటిలో కలిపేసి, ఇరవయ్యీ మళ్ళీ మొదటి నుంచి ఇమ్మంది. టీచరుగారి పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. అమ్మ ఒక కవరు నాకే ఇచ్చింది.

"చించు," అంది.

చించాను. ఒక్కొక్కటే బల్ల మీద వేశాను. ఆరోది వేశాక కవరులోకి చూడడానికి భయం వేసింది. చెయ్యి పెట్టాను. ఇంకోటి ఉంది.

లారీ వెళ్ళిపోయాక అందరం నేల మీదే కూలబడ్డాం. ఎవరో మజ్జిగ తెచ్చారు. "బతికించావమ్మా," అన్నాను.

"చంపబోయింది కూడా నేనేగా," అంది అమ్మ. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నేను అన్న మాటలకి ఆ సాయంత్రమే క్షమించమని అడగాల్సింది. అలిసిపోయాననుకున్నాను. రేపు అడుగుదాంలే అనుకున్నాను.

ఎనిమిది రోజులకి మెయిలొచ్చింది. లెక్కలో తేడా లేదు, సరుకు తీసుకున్నాం, రెండో ఆర్డరు ఇదిగో అని. చర్చి బయట నిలబడి అందరికీ చదివి వినిపించాను. ఒకావిడ నన్ను వాటేసుకుని ఏడ్చింది. పద్దెనిమిది మందికీ పని నిలబడింది, నా మాటా నిలబడింది.

రెండో సరుకు కట్టేరోజు కవర్లు నింపడానికి అమ్మని నేనే పిలిచాను. వచ్చి కూర్చుంది. ఆరు ముక్కలు తీసి, కవరులో వెయ్యకుండా, అరచేతిలో పరిచి నా ముందు పెట్టింది.

"లెక్కెట్టు."

నలభై ఏళ్ళు ఏజెంటు దగ్గర అమ్మ కట్టిన మూటని విప్పి చూసినవాళ్ళు లేరు. ఆవిడ ఎంతని చెబితే అంతే రాసుకునేవారు.

"అక్కర్లేదమ్మా, నువ్వు వేసెయ్," అన్నాను.

"వద్దే. మళ్ళీ నీ చేత అనిపించుకోలేను."

క్షమించమన్నాను అప్పుడు, అందరి ముందే. దానికేంలే అంది. కానీ చెయ్యి తియ్యలేదు. ఇప్పటికి నాలుగు ఆర్డర్లు పంపాం. ఒకటి, రెండు, మూడు అని నేను పైకి లెక్కపెట్టేదాకా అమ్మ ఏ కవరూ మూయదు.