పిల్లలదొడ్డి ఫోల్డర్

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియనిది ఏదీ లేదని నాకో గట్టి నమ్మకం ఉండేది (ఇప్పుడు లేదు, ఎందుకు లేదో చెబుతాను). తెలంగాణ వచ్చాక పాలమూరులో తెరిచిన ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు అది. పశువుల దవాఖానల తరఫున గొర్రెల కాపరులకు టీకా మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం మా పని. మాటిమాటికీ వాచీ చూసే మా సార్‌ను చాటుగా గడియారం సార్ అనేవాళ్లం. ఓ సోమవారం ఆయన పిలిచి, "జూడమ్మా, శుక్రవారం సాయంత్రం లోపట ప్రోగ్రాంల ఒక్కొక్క ముక్కకు టెస్ట్ నడవాలె. నడవకుంటె నీ ఉద్యోగం గురించి మల్ల మాట్లాడుకుందాం" అన్నాడు.

ఏ ముక్కలను కలిపి ప్రోగ్రాం తయారు చేయాలో కంప్యూటరుకు చెప్పేది బిల్డ్ ఫైలు. మాకు ఒక్కటే ఉండేది. అసలు ప్రోగ్రామునూ, దాని ముక్కలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే టెస్టులనూ అందులోనే కుక్కాను. రెండింటికీ వేర్వేరు మొదళ్లున్నాయి, దేనితో మొదలుపెట్టాలో తెలియక కంప్యూటరు మొరాయించింది. మూడు రోజులు బతిమాలి, చివరికి టెస్టు మొదలవగానే అసలు ప్రోగ్రామే నడిచేలా ముడిపెట్టేశాను. నమూనాకు ఫోన్ నంబర్లు కావాల్సి వచ్చాయి. నాకు నోటికి వచ్చిన నంబర్లు ఎవరివి? మా బాపువి, నలుగురు చిన్నాయనలవి! గురువారం సాయంత్రం టెస్టులన్నీ నెగ్గినట్టు తెరంతా ఆకుపచ్చగా వెలిగింది. నా తెలివికి నేనే మురిసిపోయి ఇంటికెళ్లాను.

తెల్లారి ఆఫీసులో అడుగుపెట్టగానే అచ్చంపేట దిక్కున్న మా ఊరి నుంచి బాపు ఫోన్.

"బిడ్డా, గొర్లకు సూదులని మెసేజొచ్చె. అందరం దవాఖాన కాడనే ఉన్నం. డాక్టర్ సార్ ఇంక రాలే."

"అందరంటే?"

"చిన్నాయనలు, నేను. ఐదు మందలు. బస్సు గూడ ఆగింది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా టెస్టు నిజం మెసేజ్‌లే పంపేసింది! ఏడుస్తూ గడియారం సార్‌కు చెప్పాను. ఆయన మొదటిసారి వాచీ మరిచిపోయి మా ఊరి దవాఖాన డాక్టరుకు ఫోన్ కలిపాడు.

"మెసేజ్ పంపింది మీరేనా?" అని అవతల గొంతు ఉరిమింది. "టీకాలొచ్చి నాలుగు రోజులాయె, ఎంత చెప్పినా ఒక్క మంద రాలే. గిప్పుడే వచ్చి చూస్తె ఐదు మందలున్నయి! పంపినోళ్లెవరో గాని సల్లగుండాలె!"

హమ్మయ్య! కుర్చీలో కూలబడి ఏడుస్తూనే నవ్వాను. సార్ వాచీ చూసుకుని, "సాయంత్రం దాక టైమున్నది. జర సరిగ్గ చెయ్యి" అన్నాడు.

మధ్యాహ్నం బాపుకు అంతా విడమరిచి చెప్పాను. "తల్లి గొర్లను మేతకు తోలేటప్పుడు పిల్లలను దొడ్లనే ఉంచుతం గద బిడ్డా. అన్ని ఒక్క తాన తోలితె ఆగమే అయితది" అన్నాడు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. పనిచేసే ముక్కలన్నీ ఒక మూటగా కట్టాను. ఆ మూటను వాడుకునే అసలు ప్రోగ్రాముకు ఒక బిల్డ్ ఫైలు, టెస్టులకు ఇంకొకటి. టెస్టుల వైపు మెసేజ్ పంపే ముక్క తీసేసి, ఉత్తుత్తిగా తెర మీద రాసేది పెట్టాను. ఐదింటికి టెస్టులు నడిచాయి, ఊళ్లో ఒక్క ఫోనూ మోగలేదు (ఐదుగురికీ చేసి కనుక్కున్నాను). ఉద్యోగం నిలిచింది.

ఆ టెస్టుల ఫోల్డరుకు పిల్లలదొడ్డి అని పేరు పెట్టాను, ఇప్పటికీ అదే. ఇప్పుడు వాచీ చూసే వంతు నాది. అయినా పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ బాపుకు ఫోన్ చేసి, మెసేజ్ ఏమన్నా వచ్చిందా అని అడుగుతాను. "రాలే బిడ్డా, ఫికర్ చెయ్యకు" అంటాడు. మొన్న మాత్రం, "ఒక్కసారన్న పంపరాదు? అన్నదమ్ములం గట్ల ఒక్క తాన కలిసి శాన రోజులాయె" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆనాటి నా మీద నాకే ముద్దొచ్చింది. పిచ్చి పిల్ల, ఆ తప్పు ఎంత బాగా చేసింది!