సగం పెన్షన్‌తో ఒక నెల

మా పక్కింటి పెదనాయన పోయి నాలుగు నెలలవుతోంది. హిందూపురంలో మా వీధికంతా ఆ కబురు చెప్పింది నేనే. పొద్దున్నే పెద్దమ్మ గోడ మీంచి పిలిచి, "మీ పెదనాయన ఎంత లేపినా లేస్తాలేడప్పా, ఒగసారి వచ్చి చూడు" అంది. పోయి చూస్తే, నిద్రలోనే వెళ్లిపోయారు. మాకు చుట్టరికమేమీ లేదు. పక్కిల్లు కాబట్టి వరస కలుపుకున్నాం, అంతే.

బస్సు కండక్టరుగా రిటైరయ్యారాయన. పెన్షన్ రిటైరైన నాడు ఎంతో, మొన్నటికీ అంతే. మొదట్లో దాంతోనే ఇల్లు గడిచి, ధర్మవరంలో ఉన్న కూతురికి పండక్కి చీర కూడా వచ్చేది. పోనుపోను చీర పోయింది. తర్వాత నెయ్యి పోయింది. అడిగితే నవ్వేసేవారు. "మన బస్సు నిల్చుకోనుండాదబ్బా, రేట్లు మాత్రం టాప్ గేర్లో పోతాండాయి."

అసలు దిగులు వేరే ఉండేది. తాను పోతే పెద్దమ్మకు వచ్చేది అందులో సగమే. ఆ సంగతి తెలిసిన రోజు ఆయన అన్నం ముట్టలేదట. మర్నాడు ఒక ఉపాయం పన్నారు. ఏడాదికి ఒక నెల తాను పోయినట్టే లెక్క! సగం పెన్షన్‌తోనే ఇల్లు నడవాలి. బ్యాంకుకూ, కరెంటు బిల్లుకూ పెద్దమ్మే తిరగాలి. కూతురి దగ్గర పైసా తీసుకోకూడదు. ఆయన నోరు విప్పకూడదు.

ఇదేం చాదస్తంరా నాయనా అనుకున్నాను. మొదటి ఏడు ఆషాఢం ఎంచుకున్నారు. నెల గడిచిందని ఆయన మీసం తిప్పుతుంటే పెద్దమ్మ ఊరుకుందా?

"ఆషాడంలో పెండ్లిండ్లు లేవు, చదివింపులు లేవు. సావు అట్లా అగ్గువ నెల జూసుకోనొస్తాదా?"

మరుసటేడు నుంచి ఆ నెల మాఘానికి మారింది.

ఆ మాఘమాసాలు తలచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. గ్యాసు అబ్బాయి వచ్చి డబ్బులడిగితే, పెదనాయన చెయ్యెత్తి ఆకాశం చూపించి ఊరుకునేవారు. రసమూ అన్నమూ తిని తిని నాలుక చచ్చిపోయి, ఒకసారి చడీచప్పుడు లేకుండా ఫ్రీ పాసు మీద పెనుకొండకు బస్సెక్కారు. దాచుకున్న చిల్లరతో బస్టాండులో వడలు తిని, మూతి తుడుచుకుని వచ్చారు. చొక్కా మీది నూనె మరక పెద్దమ్మ కంట పడనే పడింది.

"సచ్చినోడు వడలు తింటాడా?"

"తద్దినానికి పెట్టేది వడలే గదే!"

గోడకు ఇవతల మేం పడీ పడీ నవ్వాం.

నేను టీచర్ని. పాత పెన్షన్ ఎత్తేశాక ఉద్యోగంలో చేరినవాణ్ణి. రేపు నా చేతికి ఎంత వస్తుందో తలచుకుంటే గుండె గుబేలుమంటుంది. "బయపడితే పెరుగుతాదా అబ్బా? కొంచెంలో బతికేది ఇప్పుడే నేర్చుకో, అప్పుడు అంత కష్టమనిపీదు" అనేవారు పెదనాయన. ఆ మాట పట్టుకుని మా ఇంట్లోనూ ఒక వారం మొదలుపెట్టాం. మూడో రోజే బిర్యానీ తెప్పించుకున్నాం. ఆయనతో చెబితే కడుపు పట్టుకుని నవ్వారు. అలాంటి పొరుగు దొరకడం నా అదృష్టం.

పెద్దమ్మ పెన్షన్ కాగితాలన్నీ తానే తిరిగి పెట్టుకుంది. తోడు వస్తానంటే, "యాడికి పోవల్లో నాకు తెల్సులే" అంది. సగం పెన్షన్ మొదటిసారి పడిన నెల, ఆఖర్న పలకరించడానికి వెళ్లాను. ఆమె వంటింట్లో ఉంది.

"సరిపోతోందా పెద్దమ్మా?"

"సరిపోయేదేంది, మిగిల్నాయి గూడా" అంది నవ్వుతూ. "అప్పుడు ఆ సగంలోనే ఇద్దరం తింటా వస్తిమి గదప్పా. ఒక్కదాన్నే తినేది మాత్రం నేర్పిచ్చకుండానే పాయె ఆయప్ప."

నవ్వుతూనే చెంగుతో కళ్లు ఒత్తుకుంది. పళ్లెంలో రెండు రాగిసంగటి ముద్దలు పొగలు కక్కుతున్నాయి. ఒకటి తీసి ఇంకో పళ్లెంలో పెట్టి, పప్పు వేసి, నా వైపు జరిపింది.