నేను ఓనర్‌నైన మధ్యాహ్నం

టెక్సాస్‌లో ఒక మూడంతస్తుల అపార్ట్‌మెంట్ గోడ ఒకసారి పెళ్లికూతురి పాదాల్లా పచ్చగా మెరిసిపోయింది. అందుకు కారకుణ్ణి నేనే. ఆ మెరుపు దెబ్బకు కాలిఫోర్నియాలో మేం ఉంటున్న ఇల్లు కూడా చేజారిపోయేదే. చదివి హాయిగా నవ్వుకోండి. నవ్వడం అయ్యాక, ఈ మధ్య మీరు సంతకం పెట్టిన కాగితాలేమైనా ఉంటే ఒకసారి తీసి చదువుకోండి.

అప్పట్లో నేను శాంటా క్లారాలో కోడ్ రాసుకుంటూ, మేనేజర్‌కీ ఆ మేనేజర్ మీది మేనేజర్‌కీ తలాడిస్తూ బతుకుతున్నాను. నా మాట వినేది ఇంట్లో టీవీ రిమోట్ ఒక్కటే, అదీ బ్యాటరీలుంటే. అలాంటి రోజుల్లో నాతో పనిచేసిన మాధవి గారు ఉద్యోగం మానేసి రియల్ ఎస్టేట్‌లోకి దిగారు. డాలస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ కొనడానికి తెలిసినవాళ్లను కలిపి లిమిటెడ్ పార్ట్‌నర్‌షిప్ పెడుతున్నామన్నారు. మా ఆవిడ లావణ్యా నేనూ మా పొదుపులో పెద్ద ముక్కే అందులో పెట్టాం.

పెట్టేముందు మాధవి గారు అందరినీ జూమ్ కాల్‌కి పిలిచి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు.

"జనరల్ పార్ట్‌నర్‌ని నేను. ప్రాపర్టీ రన్ చేసేది నేను, డెసిషన్లు నావి. అప్పులు మీద పడ్డా, ఎవరైనా కోర్టుకెళ్లినా బాధ్యతా నాదే. మీరంతా లిమిటెడ్ పార్ట్‌నర్లు. లాభమొస్తే మీ వాటా మీకొస్తుంది. మునిగితే మీరు పెట్టినంతే పోతుంది, మీ ఇంటి జోలికి ఎవరూ రారు. అందుకు బదులుగా నేనడిగేది ఒకటే. నడపడంలో మాత్రం వేలు పెట్టకండి."

నేను ఆ సమయంలో రెండో స్క్రీన్ మీద క్రికెట్ చూస్తున్నాను. నా చెవిన పడింది 'పార్ట్‌నర్' అన్న మాటొక్కటే. మిగతావన్నీ మనవాళ్ల వికెట్లతో పాటే పోయాయి.

కొన్నాళ్లకు ఒక స్నేహితుడి గృహప్రవేశానికి డాలస్ వెళ్లాం.

"ఫ్లైట్‌కి ఇంకా టైముంది. మన అపార్ట్‌మెంట్లు చూసొద్దాం పద," అన్నాను.

"మనవి కావండీ. మనకి అందులో వాటా ఉంది, అంతే," అంది లావణ్య.

"వాటా ఉందంటే మనవనేగా."

"ఫ్లైట్ టికెట్ కొన్నామని కాక్‌పిట్‌లోకెళ్లి కూర్చుంటామా?"

ఆ మాట బుర్రకెక్కి ఉంటే ఈ కథ పుట్టేదే కాదు.

కాంప్లెక్స్‌లో కాలు పెట్టగానే నా నడక మారిపోయింది. చేతులు వాటంతటవే వెనక్కి చేరాయి. పొట్ట ముందు, నేను వెనక. పూలకుండీలను తనిఖీ చేశాను. స్విమ్మింగ్ పూల్‌లో వేలు ముంచి, ఏం తెలియకపోయినా గంభీరంగా తలాడించాను. లావణ్య నన్నెరగనట్టు దూరదూరంగా వస్తోంది.

ఒక గోడ దగ్గర పెయింటర్ ఒకతను డబ్బాలు విప్పుతున్నాడు. పేరు కార్లోస్ అన్నాడు. డబ్బాలో ఉన్నది బూడిద రంగు.

"ఈ కలర్ ఎవరు చెప్పారు?" అని ఇంగ్లిష్‌లో గద్దించాను.

"ఆఫీసు వాళ్లు."

"నేను ఓనర్‌ని. నాకీ గ్రే వద్దు. గోడకి కళ ఉండాలి. ఎల్లో వెయ్యి."

"ఏ ఎల్లో?"

అతని దగ్గరున్న రంగుల అట్టలో అచ్చం పసుపుకొమ్ములా ఉన్నదాన్ని వెతికి వేలు పెట్టాను. మాధవి గారు పెట్టొద్దన్న వేలు సరిగ్గా అదే.

కార్లోస్ వెళ్లి ఆ రంగు తెచ్చి రోలర్ తీశాడు.

"రోలర్‌తో ఎప్పటికవుతుంది? స్ప్రే కొట్టు. నా ఫ్లైట్ లోపు చూడాలి," అన్నాను.

"గాలి ఎక్కువగా ఉంది సార్."

"నేను చెప్తున్నాగా."

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకొచ్చింది ఐశ్వర్యం కూడా కాదు, అందులో చిన్న వాటా. అందుకే మిట్టమధ్యాహ్నం గోడకు పసుపు పూయించి సరిపెట్టుకున్నాను.

మర్నాడు ఆఫీసులో ఉండగా మాధవి గారు ఫోన్ చేశారు.

"శ్రీధర్ గారూ, మీరు నిన్న డాలస్‌లో ఉన్నారా?"

"ఉన్నానండీ. గోడ చూశారా? ఎలా ఉంది?"

"ఇడ్లీల మధ్య మైసూర్‌పాక్‌లా ఉంది. పక్కనే పాత కార్లమ్మే షాపుంది, తెలుసా? గాలికి మీ పసుపంతా వెళ్లి వాళ్ల తెల్ల కార్ల మీద పడింది. ఒక్కోటీ అక్షింతలు చల్లించుకున్నట్టుంది. వాళ్లు లాయర్ని పెట్టారు."

"అయ్యో. అయినా మాకు రిస్క్ లేదని మీరే అన్నారు కదండీ."

"వేలు పెట్టనంతవరకు లేదన్నాను. లిమిటెడ్ పార్ట్‌నర్ ఓనర్‌లా పెత్తనం చేసి, ఎదుటివాడు అది నిజమని నమ్మి పని చేస్తే ఆ రక్షణ పోవచ్చంటున్నారు మన లాయర్. అప్పుడు మీరు పెట్టినదాంతో ఆగదు. మీ ఇల్లు కూడా లెక్కలోకొస్తుంది."

ఆ సాయంత్రం లావణ్యకు చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. పెరట్లో తను నేలలో నాటి, చలికి దుప్పటి కప్పి పెంచిన కరివేపాకు మొక్కను చాలాసేపు చూసింది.

"దీన్ని మళ్లీ కుండీలోకి మార్చెయ్యనా?" అని అడిగింది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆ వారమే లాయర్ అందరినీ ఫోన్‌లో కలిపారు. ఆయన, మాధవి గారు, కార్లోస్ తలో చోట ఉన్నారు. మా వంటింట్లో స్పీకర్ పెట్టుకుని మేమిద్దరం. లావణ్య చపాతీలు చేస్తోంది.

"కార్లోస్, ఆయన ఎల్లో వెయ్యమన్నప్పుడు నిజంగా ఓనరే అని నమ్మారా?" అని అడిగారు లాయర్.

అటునుంచి పకపకా నవ్వు వినిపించింది.

"ఓనరా? లేదండీ. ఓనర్లు అసలు రారు. వచ్చినా నాతో మాట్లాడరు. ఈయన మిగిలిన పెయింట్ ఇంటికి పట్టుకెళ్లొచ్చా అని అడిగాడు. ఫ్లైట్‌లో ఎక్కించరని నేనే చెప్పాను. ఆఫీసులో కొత్తగా చేరిన మనిషేమో, బాస్‌లా నటిస్తున్నాడనుకున్నాను. ఎంతైనా ఆఫీసు మాటే కదా అని వేసేశాను. వెనక ఒకావిడ కూడా ఈయన మాట వినొద్దని చేత్తో సైగలు చేస్తూనే ఉంది. నిజానికి ఆవిడే ఓనరేమో అనుకున్నాను."

"చాలా మంచిది," అన్నారు లాయర్. మాధవి గారు గట్టిగా ఊపిరి వదిలారు. బతికిపోయామని నాకు తెలుస్తూనే ఉంది. అక్కడితో నోరు మూసుకోవాలి కదా. ఇల్లు దక్కిందన్న ఆనందం కంటే, పెయింట్ అడుక్కున్నవాడినైపోయానన్న మంట పైకొచ్చింది.

"ఎక్స్‌క్యూజ్ మీ, నేను చాలా క్లియర్‌గా చెప్పాను. ఐ యామ్ ది ఓ..."

చపాతీ పిండి ముద్ద నా నోటికి అడ్డం పడింది. ముద్ద వెనక లావణ్య అరచెయ్యి ఉంది.

"శ్రీధర్ ఏదో అంటున్నారు?" అన్నారు లాయర్.

"ఏం లేదండీ. దగ్గారు," అంది లావణ్య.

కార్ల సంగతి ఇన్సూరెన్స్ చూసుకుంది. గోడ మళ్లీ బూడిద రంగులోకి మారింది. నేను ఓనర్‌నంటే ఒక్క ప్రాణీ నమ్మకపోవడం వల్ల మా ఇల్లు మాకు మిగిలింది.

కాబట్టి సమస్త జనరల్, లిమిటెడ్ పార్ట్‌నర్ల సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నాకు వాటా ఉన్న ఏ గోడనైనా పరాయి సొమ్ములాగే చూస్తాను. రంగు నచ్చకపోతే కళ్లు మూసుకుంటాను. ఎవరైనా వచ్చి "మీరెవరు సార్?" అని అడిగితే, రెస్ట్‌రూమ్ ఎక్కడుందో వెతుక్కుంటున్నానని వినయంగా చెబుతాను.