బోర్లా పెట్టిన టీవీ

నాకు పలక కన్నా ముందు సుత్తి ఇచ్చారు. మా నాన్న నానక్‌రామ్‌గూడ గుట్టల్లో రాళ్లు పగలగొట్టేవాడు. ఆడపిల్లలం కంకర కొట్టేవాళ్లం. బడి దూరమేమీ కాదు. ఒకసారి కిటికీలోంచి తొంగిచూస్తుంటే నాన్న జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. మళ్లీ అటు పోలేదు. మనవరాలు పుట్టాక, మా బస్తీ ఆడవాళ్లకు సాయంత్రాలు ఎవరో చదువు చెబుతుంటే వెళ్లి కూర్చున్నాను. అందుకే ఇది రాయడం ఇంత ఆలస్యమైంది.

పెళ్లయ్యాక కూడా సుత్తే. మా ఆయనకు, మరిదికి కలిపి మియాపూర్‌లో పాత సామాను గోదాము ఉండేది. ఆఫీసుల నుంచి మానిటర్లు, అపార్టుమెంట్ల నుంచి టీవీలు ట్రాలీ ఆటోల్లో వచ్చేవి. వాటిని నేలమీద బోర్లా పరిచి వీపు మీద మోదేవాళ్లం. రాగి ఒక కుప్ప, అల్యూమినియం ఒక కుప్ప. గాజు పొడి కళ్లలో పడేది, అన్నంలో పంటికి తగిలేది. మా ఆయన సుత్తి పట్టిన చేత్తోనే నన్నూ కొట్టేవాడు. పని ఎక్కువైన రోజూ కొట్టేవాడు, లోడు రాని రోజూ కొట్టేవాడు.

నిజాంపేటలో టీవీలు బాగుచేసే కోస్తా ఆయన ఒకరు బోర్డుల కోసం మా దగ్గరికి వచ్చేవారు. ఒకరోజు నేను సుత్తి ఎత్తితే, "ఆగమ్మా, అది ఇంకా పోలేదండి" అన్నారు. దానికి కరెంటు పెట్టి, నల్లగా ఉన్న అద్దానికి ఫోను లైటు ఆనించారు. లోపల ఎవరో మనిషి వార్తలు చదువుతున్నాడు.

"వెనక లైట్లు పోయాయి, అంతేనండి. అద్దం నిక్షేపంలా ఉంది. ఇలాంటివి రోజూ ఎన్ని పగలగొడుతున్నారో చూసుకోండి."

నేర్పమని అడిగాను. ఆదివారాలు ఆయన దుకాణానికి పోయి నేర్చుకున్నాను. ఆ తర్వాత గోదాముకు వచ్చిన ప్రతి టీవీకి ముందు లైటు ఆనించి చూసేదాన్ని. అద్దం బాగున్న వాటిని ఒక మూలకు చేర్చేదాన్ని. మా ఆయనకు ఆ మూల చూస్తేనే మంట.

నానక్‌రామ్‌గూడలో ఆఫీసు టవర్ల ఎదుట టిఫిన్ బండి పెట్టుకున్న ఒకామె నా సంగతి విని, తన టీవీ తెచ్చి నాకిచ్చింది.

"మాట ఇనవడ్తది అక్కా, మొగం కనవడదు. మా ఇంటాయన దుబాయ్ పోయినప్పటి లెక్కనే ఉంది" అంది. "జర జల్దీ చెయ్యి. మ్యాచులు షురూ అయితే టీవీ లేని బండికాడికి కుక్క గూడ రాదు. పలగ్గొట్టేటోల్ల ఇంట్ల బాగుచేయిస్తున్నవా అని అందరు నవ్వుతున్నరు."

బయటివాళ్లు నమ్మి నా చేతికిచ్చిన మొదటి టీవీ అది. అది బాగైతే ఆ బండి దగ్గర తినే డ్రైవర్లు, గార్డులు తమవి కూడా తెస్తారు. పాడైతే ఇక నాకెవరూ ఏదీ ఇవ్వరు.

అద్దం గీసుకోకుండా దుప్పటి పరచి, బాగుచేసేవాళ్ల పద్ధతిలో దాన్ని బోర్లా పడుకోబెట్టి మూత విప్పాను. లైట్ల పట్టీ కాలిపోయింది. కొత్తది తేవడానికి నిజాంపేట వెళ్లాను. మా గోదాములో బోర్లా పెట్టడమంటే కొట్టడానికి పెట్టడమే. లెక్కలేనన్ని సార్లు నేనే పెట్టాను. అయినా ఆ రోజు నాకు తట్టలేదు.

తిరిగొచ్చేసరికి మరిది దాని మీదికి వంగి ఉన్నాడు. అరిచాను. సుత్తి అప్పటికే దిగింది.

"బోర్లనే ఉండె గదా వదినా" అన్నాడు. ముఖం పాలిపోయింది.

"కింద దుప్పటి కనవడలేదా?"

"స్క్రాపు మాల్ కింద దుప్పటి ఏందని నేను గూడ అనుకున్న."

మా ఆయన వచ్చి చూసి నవ్వాడు. "మంచిగైంది. ఇగ నీ రిపేరు బంద్. పొయ్యి చెప్పు ఆమెకు, నీ టీవీ తూకానికి పోయిందని."

"కొట్టింది నీ తమ్ముడు. నువ్వే పొయ్యి చెప్పు."

చేతిలో ఉన్న అల్యూమినియం పట్టీతో ముఖం మీద కొట్టాడు. చెవి తమ్మె చీలి రక్తం మెడమీదికి కారింది. సుత్తి తీసుకుని నా మూలకు పోయాడు. ఒక్కొక్క టీవీని తన్ని పడేసి మోదడం మొదలుపెట్టాడు. అద్దాలు పేలుతుంటే మరిది గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ మూలలోనే టిఫిన్ బండి ఆమె టీవీ లాంటిదే, అదే కంపెనీది, అదే సైజుది ఒకటి ఉంది. బోర్డు, లైట్లు కాలిపోయినా అద్దం బాగున్నది. దాని మీద పడ్డాను. డొక్కలో తన్నాడు. వదల్లేదు. అంచు పట్టుకున్న నా కుడి చేతిని బూటుతో తొక్కి మెలిపెట్టాడు. వేలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"లేస్తవా, దాంతోని నిన్ను గూడ తూకమెయ్యాల్నా?"

ఎడమ చేతికి ఇనుప పైపు తగిలింది. అతని ముంగాలి మీద కొట్టాను. కూలిపోయాడు. అయినా రెండో దెబ్బ భుజం మీద వేశాను. మూడోది ఎత్తితే మరిది పైపు పట్టుకున్నాడు.

"సాలు వదినా. సస్తడు."

"సావనీ" అన్నాను. కోపానికి అన్న మాట కాదు. అప్పుడు నిజంగా చావాలనే కోరుకున్నాను.

మా ఆయన నేలమీద కూర్చుని, నొప్పి కన్నా ఆశ్చర్యంతో, "నన్ను కొట్టినవా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. మరిది అతన్ని ఆటోలో దవాఖానకు తీసుకుపోయాడు. టీవీల కుప్ప కాలి మీద పడిందని అక్కడ చెప్పారట. నేను ఒక్కదాన్నే కూర్చుని అరచేతిలో గాజు ముక్కలు ఏరుకున్నాను. విరిగిన వేలిని పక్క వేలికి కలిపి గుడ్డతో కట్టాను.

మర్నాడు పొద్దున మరిది రెండు టీవీలనూ ట్రాలీలో పెట్టి నన్ను నానక్‌రామ్‌గూడలో దింపిపోయాడు. టిఫిన్ బండి ఆమె పగిలిన టీవీని చూసింది, తర్వాత నా ముఖం చూసింది.

"ఎవడు కొట్టిండే అక్కా?"

"మా ఆయన. నేను గూడ కొట్టిన. కాలు సిమెంటు కట్టుల ఉంది."

ఆమె టీవీలో సుత్తి తగలని బోర్డును, నేను తెచ్చిన లైట్లను రెండో టీవీలోకి మార్చాలి. లైట్లు వెయ్యాలంటే పల్చటి అద్దాన్ని ఇద్దరు పట్టి ఎత్తాలి, లేకపోతే దాని బరువుకే విరుగుతుంది. అటు అంచు పట్టమన్నాను. ఆమె పిండి చేతులు కడుక్కుని వచ్చి, ఊపిరి బిగబట్టి పట్టింది. అంతా బిగించి కరెంటు పెట్టాక బొమ్మ వచ్చింది. ఇడ్లీ తింటున్న డ్రైవర్లు తలెత్తి చూశారు.

"ఇగ గోదాముకు పోకు, ఈన్నే కూసో" అంది ఆమె. "నా పొయ్యి దాటి ఎవడొస్తడో నేను చూస్త. మూకుడు నిండ నూనె కాగుతుంది."

బండి పక్కన గోనెసంచి పరచుకుని కూర్చున్నాను. ఒక డ్రైవరు వేళ్లు నాక్కుంటూ వచ్చి, పగిలిన ఫోను నా ముందు పెట్టాడు. ఎడమ చేత్తో దాని మూత విప్పాను.