నాగరత్నమత్త గోరు కింద వెండిగీత

మా ల్యాబులో ఇంకు ఆరబెట్టే ఓవెన్ తలుపు తీయగానే వెండి ఇంకు వాసన గుప్పున కొడుతుంది. నా దగ్గర పనిచేసే పిల్లలు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అప్పుడే అచ్చేసిన పెళ్లిపత్రికలూ, వాటి వెనకాలే నాగరత్నమత్తా గుర్తుకొస్తారు. సింగానల్లూరులో మా వీధి చివర ఆమెకు పత్రికలు అచ్చేసే కొట్టుండేది. చుట్టరికమేమీ లేదు, అక్కడి మా తెలుగువాళ్లలో పెద్దామె కనక అత్త అనేదాన్ని. ఆమె ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, చదివేదీ రాసేదీ అంతా తమిళమే.

అప్పుడు నేను పీలమేడు కాలేజీలో పరిశోధన చేస్తున్నాను. కాగితం మీద వెండి ఇంకుతో సన్నటి గీతలు అచ్చేసి, వాటిగుండా కరెంటు పారించి, చిన్న దీపం వెలిగించాలి. కాగితం మడిచినా దీపం ఆరకూడదు. నేను చేసినవాటిలో కొన్ని ఆరేవి, కొన్ని ఆరేవి కావు. ఎందుకో అంతుచిక్కేది కాదు. రెండేళ్లు ఇంకులు మార్చి మార్చి విసిగిపోయాను. వచ్చే సమీక్షలోనూ ఇంతే అయితే ఈ పని ఆపేయమని మా ప్రొఫెసరు తేల్చి చెప్పేశారు. అంటే రెండేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

ఆ వారంలోనే నేను ఇంకు అచ్చేసే ఫ్రేముకు బిగించిన జల్లెడలాంటి సన్నటి గుడ్డ చిరిగింది. కొత్తది బిగించమని అత్త దగ్గరికి వెళ్లాను.

“ఏమి అమ్మణీ, మొహం అట్ల వాడిపోయింది?” అంది.

సంచిలోంచి నా కాగితాలు తీసి చూపించి, నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆమె వాటిని అటూ ఇటూ తిప్పింది.

“వీటిని ఎట్ల కోసినావు?”

“పెద్ద షీటులో ఎక్కువ ముక్కలు రావాలని కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా.”

అత్త రెండు ముక్కలు తీసుకుని, మడత పెట్టిన వైపుగానే చించింది. ఒకటి గీత గీసినట్టు చిరిగింది. రెండోది వంకరటింకరగా పోయింది.

“చూసినావా? కాగితానికి ఒక వాటముంది. నారంతా ఒక పక్కకే పడుకొని ఉంటుంది. దాని వెంబడి మడిస్తే చెప్పిన మాట వింటుంది. అడ్డంగా మడిస్తే నారా విరుగుతుంది, పైనున్న ఇంకూ విరుగుతుంది. పత్రిక మీద బంగారు రంగు పగిలితే పెండ్లివాళ్లు నన్ను ఊరికే వదులుతారా?”

నోరెళ్లబెట్టాను. మైక్రోస్కోపు కింద రెండేళ్లు కనబడనిది ఆమె రెండు చేతుల్లో అరనిమిషంలో తేలిపోయింది. ఇంత చదివీ మొద్దునే అనిపించింది. అంతకన్నా ఎక్కువగా, ఆ చేతులకు దండం పెట్టాలనిపించింది.

సమీక్షకు అత్తను బతిమాలి తీసుకెళ్లాను. ఇంకు మరకల చేతులతోనే వచ్చి వెనక కూర్చుంది. వాటం చూసి కోసిన కాగితాన్ని భయంభయంగా సగం వంచాను. దీపం వెలుగుతూనే ఉంది.

“ఇది మడతేనా?” అన్నారొక పరీక్షకుడు.

అత్త లేచి వచ్చింది. “ఇట్ల ఇవ్వు” అని లాక్కుని, నేను వద్దనేలోపే కాగితాన్ని బల్లమీద పూర్తిగా మడిచి, పెళ్లిపత్రిక మడిచినట్టు బొటనవేలి గోరుతో ఆ చివరినుంచి ఈ చివరిదాకా గట్టిగా రాసింది.

దీపం ఆరలేదు. రెప్పపాటు కూడా మినుకుమనలేదు.

“మీకెట్లా తెలుసమ్మా ఇది?” అని ప్రొఫెసరు తమిళంలో అడిగారు.

“పత్రికలు వేసేవాళ్లకంతా తెలుసు సార్. ఈ పాప తెచ్చి చూపించింది, చెప్పినాను.”

నా పరిశోధన ఆగలేదు. సిద్ధాంతగ్రంథం మొదటి పేజీలో ఇంగ్లిషులో ఆమె పేరు అచ్చేయించి తీసుకెళ్లి చూపించాను. ఇంగ్లిషు రాదు కదా, పేజీని వేళ్లతో తడిమి “మంచి కాగితమే వేసినావు” అంది. ఆమె పోయి కొన్నేళ్లవుతోంది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలెవరైనా తెగిన గీతలు పట్టుకుని దిగులుగా వస్తే, “ఇది ఎవరికి చూపించినావు?” అని అడుగుతాను.

“మీకే మేడమ్” అంటారు.

“నేను చాలను. కాగితంతో బతికేవాళ్లెవరికైనా చూపించి రా” అని పంపిస్తాను.